నాలుగు చప్పుళ్ళు

హ్యాండ్ బ్రేక్ పైకి లాగితే నాలుగు చప్పుళ్ళు వినిపించాలి. ఆమె లెక్కపెట్టుకుంటుంది. ఇంటి ముందు వాలు రోడ్డు కాబట్టి గేరు కూడా వేసి, ముందు చక్రాలు గట్టు వైపు తిప్పి, స్టీరింగ్ లాక్ కటుక్కుమన్నాక గానీ దిగదు. కారు ఆపడానికి ఇంత తతంగమా అని భర్త నవ్వుతాడు. సీటు మొత్తం ముందుకు లాక్కుని, స్టీరింగును కావలించుకుని నడుపుతుందని చుట్టాల్ని కూడా నవ్విస్తాడు. పొట్టి మనిషి మరి, కాళ్ళు అందొద్దూ?

అంత జాగ్రత్తగా నిలిపిన కారు ఆదివారం మధ్యాహ్నం, ఆమె వంటింట్లో మిక్సీ తిప్పుతుండగా, వాలున జారి ఎదురింటి మాస్టారి ప్రహరీకి గుద్దుకుంది. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి భర్త కారు పక్కనే ఉన్నాడు. కాస్త నడుం వాలుస్తానని పడగ్గదిలోకి వెళ్ళిన మనిషి, చొక్కా చెప్పులతో సహా.

"హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదు నువ్వు."

"వేశానండీ."

"వేస్తే దానంతటదే నడిచొచ్చిందా?"

అత్త గుమ్మంలోంచే అందుకుంది. "ఈ పరధ్యానం ఇవాళ్టిదా? మొన్న స్టవ్ కట్టెయ్యలేదు. ఆ కీస్ వాడికిచ్చెయ్యమ్మా. రేపట్నుంచి బస్సులో వెళ్దువుగాని."

బస్సంటే రెండు బస్సులు. పొద్దున్న ఆరింటికల్లా ఆమె ఆసుపత్రి ల్యాబులో ఉండాలి. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వరసలో కూర్చుని ఉంటారు. కారు పోతే నెమ్మదిగా ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి వీళ్ళకూ తెలుసేమోనని ఇవాళే మొదటిసారి అనిపించింది.

అయినా ముందు అనుమానం తనమీదే. ఈ ఇంట్లో పాలు పొంగినా, కుళాయి కారినా, గడియ పడకపోయినా మరిచిపోయింది ఆమే. పదేళ్ళుగా వినీవినీ తనూ నమ్మేసింది. మొన్న స్టవ్ మీద చివర్న టీ పెట్టుకున్నది ఎవరు? అప్పుడెందుకు అడగలేదు తను? ఇవాళ నాలుగు చప్పుళ్ళూ విన్నానా? కూరగాయల సంచి అందుకోబోతూ ఆగి మరీ విన్నాను. మరి చక్రాలు? వంగి చూసింది. తిన్నగా ఉన్నాయి. గట్టు వైపు తిప్పి లాక్ చేసిన చక్రాలు వాటంతటవి తిరగవు.

"కీస్ ఇలా తే. నువ్వు లోపలికెళ్ళు, నేను తీసి పెడతాను," భర్త చెయ్యి చాచాడు.

ఆయన దగ్గర రెండో జత ఎప్పుడూ ఉంటుంది. మరి తనవెందుకు? ఆమె ఇవ్వలేదు. డోర్ తీసి సీట్లో కూర్చుని కాలు చాపింది. క్లచ్ ఇంకా జానెడు దూరంలో ఉంది.

కోపం తర్వాత వచ్చింది. ముందు ఏడుపొచ్చేంత ఊరట కలిగింది, తన బుర్ర సరిగానే ఉన్నందుకు.

"నా కాళ్ళు అందట్లేదు అత్తయ్యా," అంది, ఎదురింటి మాస్టారికి కూడా వినపడేలా. "సీటు వెనక్కి జరిపి ఉంది."

భర్త చాచిన చెయ్యి మెల్లగా జేబు వైపు వెళ్ళింది. ఈసారి ఆమె చెయ్యి చాచింది.

"మీ కీస్ ఇలా ఇవ్వండి."