వద్దంటే విప్పేస్తారట

కొరమేనుకు బూడిద పట్టించి పెరట్లో బండమీద రుద్దుతుంటే హాల్లో ఫోను మోగింది. నా చేతులు జిగటగా ఉన్నాయి. ఆయనే తీశారు.

"ఆఁ, నరసింహరాజునేనండీ. మా ఆవిడా? స్నానానికెళ్లిందండీ" అన్నారు. కిటికీకి ఇవతల, మాట వినబడేంత దగ్గర్లో కూర్చున్నాను నేను.

"అవునండీ, ఐదేళ్లయింది. బ్రహ్మాండంగా ఉందండీ. తిండా? అన్నీ తింటుందండీ, ఏ ఇబ్బందీ లేదు. సంతృప్తా?" నవ్వారు. "పదికి పది వేసుకోండి."

హైదరాబాదు ఆసుపత్రివాళ్లని అర్థమైంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇన్నేళ్ల తర్వాత ఎలా ఉన్నారో, ఎందుకు చేయించుకున్నామా అని ఎప్పుడైనా అనుకున్నారో కనుక్కుంటున్నట్టున్నారు. ఆయన అబద్ధం చెప్పారని నాకు కోపం కూడా రాలేదు, అలవాటైపోయింది. చివర్లో అన్న మాటకే చేతిలో చేప జారింది.

"మా అమ్మాయి సంగతి కూడా చెప్పాను కదండీ. సోమవారం తీసుకొచ్చేస్తాం. వాళ్లమ్మ దగ్గరుండి ధైర్యం చెబుతుంది లెండి."

ఆపరేషన్‌కి ముందు నేను నూటపది కిలోలు ఉండేదాన్ని. పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు "నువ్వు వెనక నిలబడు మణీ, పిల్లలు కనబడరు" అనేవారు ఆయన. తాడేపల్లిగూడెం స్టేషన్లో మెట్లెక్కలేక ఆగితే, నాతో వచ్చిన మనిషే కానట్టు ముందు వెళ్లిపోయేవారు. మా అత్తగారు కనకరత్నంగారు బంతిలో వడ్డిస్తూ అందరిలో "ఇంకో ముద్ద వెయ్యనా?" అని అడిగేవారు. చాలండీ అంటే, "మరెక్కడ తింటుందో ఏమో తల్లీ" అని పక్కావిడతో అనేవారు. వాళ్లందరూ తిన్నాక నేను తినేది చల్లారిపోయిన అన్నమూ, పులుసు అడుగూ అని ఆవిడకి తెలియదా? తెలుసు. మోకాళ్లు అరిగిపోయాయి, షుగరు వచ్చింది. అందుకే ఆపరేషన్ మాట ఎత్తగానే నేను వద్దనలేదు. కడుపు కోస్తారా అని మాత్రం భయపడ్డాను. డాక్టరుగారు ఆయన్ని లోపల కూర్చోబెట్టుకుని చాలాసేపు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నన్ను బయట బల్లమీదే ఉండమన్నారు. ఆయన వచ్చి రెండు ముక్కల్లో తెలుగులో చెప్పారు. "సంచికి తాడు కట్టినట్టేనట. వద్దంటే విప్పేస్తారట."

ఆపరేషన్ అయిన నాలుగో రోజు కట్టు మారుస్తున్న నర్సును, ఈ తాడు ఎప్పుడైనా విప్పించుకోవచ్చా అమ్మా అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయింది. "తాడేంటండీ? పొట్ట కోసి, పేగు మార్చి కుట్టారు. జన్మకి ఇంతే, మీకు చెప్పలేదా?" అంది. సాయంత్రం ఆయన్ని అడిగితే తల కూడా ఎత్తకుండా పేపరు చదువుతూ, "అలా చెప్పకపోతే ఒప్పుకునేదానివా నువ్వు?" అన్నారు.

ఆపరేషన్ వల్ల మంచే జరగలేదంటే అది అబద్ధం. షుగరు మాత్రలు మానేశాను. పెదవేగిలో మా పుట్టింటి పామాయిల్ తోటలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆయాసం లేకుండా నడిచిన రోజు, చెట్టు పట్టుకుని సంతోషంతో ఏడ్చాను. అది ఎవరూ తీసెయ్యలేరు. కానీ ముద్ద గొంతు కిందికి దిగక వెనక్కొచ్చేదీ నాకే. ఒక్క పూతరేకు ముక్క తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచం పట్టుకుని కూర్చునేదీ నేనే. జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. వాంతయినప్పుడల్లా ఆయన బాత్‌రూము తలుపు దగ్గరికొచ్చి "పంపు విప్పు, బయటికి వినబడుతోంది" అనేవారు. పొట్టమీద చర్మం మడతలు మడతలుగా జారిపోతే ఒకసారి చూసి, "కప్పుకో" అన్నారు. అంతే, ఆ తర్వాత ఆయన చెయ్యి నామీద పడలేదు. లావుగా ఉన్నప్పుడు వెనక నిలబెట్టిన మనిషి, సన్నబడ్డాక ఫొటోల్లో పక్కన నిలబెట్టుకున్నారు. మార్పు అంతవరకే.

ఇంకో మార్పు కూడా ఉంది, చెప్పాలి. కొల్లేట్లో మా చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు చాలావరకు కొట్టేసి, రాబడి పడిపోయిన ఏడాది పనిమనిషి వెంకటలక్ష్మిని మాన్పించారు. "ఇప్పుడు తేలిగ్గా ఉన్నావుగా, ఇంకొకత్తె ఎందుకు?" అన్నారు అత్తగారు. మేడమీద బట్టలు, కింద అంట్లు, ఆవిడ కాళ్లకి నూనె, మిగిలిన చెరువుల దగ్గర్నుంచి వచ్చే మనుషులకి భోజనాలు. పూట పూటకీ గుప్పెడు మెతుకులు తినే ఒళ్లు అంత చాకిరీకి ఎక్కడ సరిపోతుంది? పొయ్యి దగ్గర రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను. "డైటింగు ఎక్కువైందండీ" అని ఆయన ఇరుగుపొరుగుకి చెప్పారు.

మా అమ్మాయి దివ్య సాయంత్రం రైలుకి వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. నా ఒళ్లే వచ్చింది దానికి. మేడమీద గదిలోకి తీసుకెళ్లి, సోమవారం ఏమిటే అని అడిగాను.

"నీకు తెలీనట్టు అడుగుతావేంటమ్మా? నువ్వే చేయించమన్నావట కదా."

"ఎవరన్నారు?"

"నాన్నగారే. భయమేం లేదన్నారు. సంచికి తాడు కట్టినట్టేనట. వద్దంటే విప్పేస్తారట."

అవే మాటలు. మార్చి చెప్పే శ్రమ కూడా పడలేదాయన. ఐదేళ్లుగా నేను ఎవరికీ చెప్పకుండా నోరు మూసుకుని దాచిన వాంతులనూ, కళ్లు తిరగడాలనూ మడతపెట్టి, నా కూతురి ముందు నా ఒప్పుకోలుగా పరిచారు.

తలుపు గడియ వేసి అంతా చెప్పాను. మోకాళ్ల నొప్పి పోవడం దగ్గర్నుంచి పంపు విప్పమనడం దాకా, మంచీ చెడూ రెండూ. అది వింటూ వింటూ ఏడుపు మొదలుపెట్టింది.

"సన్నబడ్డాక నువ్వెన్నైనా చెప్తావు! క్లాసులో నన్నేమంటారో తెలుసా? కొల్లేటి బల్లకట్టు అంటారు. బస్సులో నా పక్కన కూర్చోరు."

"తెలుసే. నన్నూ అన్నారు. చేయించుకోవద్దని నేననను. ఇది కొయ్యడమని తెలిసి, నీ నోటితో నువ్వు డాక్టర్ని అడిగి, అప్పుడు నిర్ణయించుకో. తాడని చెప్పినవాళ్ల వెంట మాత్రం వెళ్లకు."

నమ్మినట్టు లేదు. చీర కుచ్చిళ్లు జరిపి, పైట పక్కకి తీసి పొట్ట చూపించాను. దివ్య ఏడుపు ఆపి చూసింది. చెయ్యి చాపి, మడతలమీద మెల్లగా పెట్టింది. కుట్ల గీత వెంట వేలు కిందికి జరిపింది. ఐదేళ్లలో నన్నక్కడ ముట్టుకున్న మొదటి మనిషి అదే. "నొప్పా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. చెయ్యి మాత్రం తియ్యొద్దన్నాను.

సోమవారం పొద్దున్నే కారు వాకిట్లోకొచ్చింది. ఆయన తెల్లచొక్కా వేసుకుని కింద నిలబడి, "మణీ, అమ్మాయిని తీసుకురా, టైమవుతోంది" అని కేకేశారు. ముందు దివ్యే మెట్లు దిగింది, కాలేజీ బ్యాగుతో.

"నేను క్లాసుకి వెళ్తున్నానండీ నాన్నగారూ. ఆ సంగతి ఎప్పుడైనా నేనే ఆలోచించుకుంటాను" అంది. గేటు తీసుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

ఆయన నావైపు తిరిగారు. "నువ్వేనా ఇదంతా నూరిపోసింది? లక్షణంగా ఉన్నావు కదా, నీకేం తక్కువైంది?"

అత్తగారు అరుగుమీంచి, "ఒంట్లో బరువు తగ్గితే నోటికి బలమొస్తుంది కాబోలు" అన్నారు. నిజమే కావచ్చు.

"అవతల డాక్టరుగారు ఎదురుచూస్తుంటారు. ఇప్పుడు ఆయనకేమని చెప్పమంటావు?" అని అరిచారాయన.

"ఏం ఫరవాలేదండీ" అన్నాను నెమ్మదిగా. "తాడే కదా, విప్పేశామని చెప్పండి."