గోడ మీద జలపాతం

కాలనీ వెనక ఖాళీ స్థలంలో గ్యాసు కోసం భూమిని తవ్వే ఇనప రిగ్గు లేచిన రోజున అందరికంటే ముందు మండిపడ్డది అధ్యక్షుడు గారే. కాలనీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పై అధికారి ముందు నోరు విప్పని మనిషి, రిటైరయ్యాక ఆ కసంతా కాలనీ మీద తీర్చుకుంటున్నాడు. మైకు దొరికితే వదలడు, దొరక్కపోయినా వదలడు.

పాపం, ఈసారి ఆయన కోపంలో న్యాయం ఉంది. కాలనీలో చివరి ఇల్లు ఆయన చెల్లెలిది. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఆమె పెరటికీ రిగ్గుకీ మధ్య కంచె ఒక్కటే అడ్డం. రోజూ పొద్దుటి నడక ముగించుకుని ఆయన అక్కడికి వెళ్తాడు. అడక్కుండానే ఆమె బోరు నీళ్ళు గ్లాసుతో తెచ్చిస్తుంది. ఆయన గటగటా తాగేసి, "బావ దగ్గరుండి వేయించిన బోరు చెల్లాయ్, ఈ రుచి ఇంకెక్కడా రాదు," అంటాడు. ఎన్నేళ్ళయినా ఆ మాట మారలేదు, ఆమెకు వినడం విసుగనిపించలేదు.

తవ్వకం మొదలైన కొన్నాళ్ళకు ఆమె గ్లాసు ఇస్తూ, "నీళ్ళు వాసనొస్తున్నాయి అన్నయ్యా, నాకే అలా అనిపిస్తోందా?" అంది.

ఆయన మూతి దగ్గర పెట్టుకుని చూశాడు. కుళ్ళిన గుడ్డు వాసన.

"నేనుండగా నీకెందుకు బెంగ? మీటింగులో వాళ్ళ అంతు తేలుస్తాను," అన్నాడు. ఆమె నమ్మింది.

మీటింగుకి కంపెనీ మేనేజరు చేతులు కట్టుకుని వచ్చాడు. తిట్టిన వాళ్ళందరికీ తలాడించాడు. డాబా మీదికి వెళ్తే ఆ ఇనప దయ్యమే కనిపిస్తోందని పళ్ళ డాక్టరు మొత్తుకున్నాడు. తన ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి వెనుదిరిగారని లెక్కల మేష్టారు వాపోయాడు. మేనేజరు అంతా విని, "అంటే అది మీకు కనిపించకూడదు, అంతే కదండీ?" అన్నాడు.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతేననిపించింది.

"అయితే ఎత్తుగా గోడ కట్టిస్తాం. దాని మీద ఏ బొమ్మ వేయించాలో మీరే చెప్పండి."

నీళ్ళ సంగతి అడగడానికి అధ్యక్షుడు గారు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఈలోగా పళ్ళ డాక్టరు సముద్రమన్నాడు, మేష్టారు కొండలన్నాడు. తను అధ్యక్షుడై ఉండి ఇంకొకరి బొమ్మకు ఒప్పుకోవడమా? "జలపాతం," అనేశాడు.

ఇక చూడాలి కాలనీ తమాషా. ఫోన్లలో గ్రూపులు చీలిపోయాయి. సముద్రం వాళ్ళు కొండల వాళ్ళతో మాటలు మానేశారు. అధ్యక్షుడు గారు కాళ్ళకు బలపం కట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. రిగ్గు మాత్రం ఎవరి జోలికీ రాకుండా దాని పని అది చేసుకుపోయింది.

"నీళ్ళ సంగతి అడిగావా అన్నయ్యా?" అనేది చెల్లెలు.

"అడుగుతా. ముందు ఈ సముద్రం వాళ్ళ పని పట్టనీ," అని, గ్లాసు అలాగే అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

చివరికి జలపాతమే నెగ్గింది. సముద్రం వాళ్ళు అలగకుండా జలపాతం కింద ఒక ఓడ కూడా వేయించారు. గోడ ప్రారంభం నాడు కాలనీ అంతా చెల్లెలి ఇంటి పక్కన చేరి ఫోటోలు దిగింది. అధ్యక్షుడు గారు గొంతు చించుకుని మాట్లాడాడు. ప్రజలు తలుచుకుంటే కంపెనీ దిగిరాక తప్పదన్నాడు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక చెల్లెలు గ్లాసుతో వచ్చింది.

"గొంతు ఎండిపోయుంటుంది అన్నయ్యా. తాగు."

గ్లాసులో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. వాసన పక్కనున్న మేష్టారికి కూడా తగిలినట్టుంది, ఒకడుగు వెనక్కి వేశాడు. అధ్యక్షుడు గారు గ్లాసు అందుకున్నాడు. అందరూ చూస్తున్నారు. తాగితే ప్రాణం ఏమవుతుందో, తాగకపోతే పరువు ఏమవుతుందో తేలక నిలబడిపోయాడు. అంతలో మేనేజరు ఎంతో మర్యాదగా నీళ్ళ బాటిలు మూత తీసి అందించాడు. నిజంగానే దాహంగా ఉంది. ఒక్క గుక్కలో సగం తాగేశాక గానీ తనేం చేశాడో ఆయనకు తెలియలేదు.

చెల్లెలు ఆయన రెండో చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా తర్వాతి ఫోటోకి నవ్వాడు.

మర్నాడు నడక ముగించుకుని అలవాటుగా వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు, గ్లాసు రాలేదు. కాసేపటికి ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"బాటిలు తెచ్చుకున్నావా అన్నయ్యా?" అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎండలో నడిచొచ్చాడని అడిగింది, అంతే.

తెచ్చుకున్నాడు. సంచిలో ఉంది.