పేపర్ మారలేదు

వంతెన మీద నుంచి నీళ్ళు పారిన వరద ఉందే, ఆ ఏడు జరిగిన సంగతి ఇది. అంతకు ముందు ఎన్ని వరదలొచ్చినా వంతెన కింద నుంచే పోయాయి. అందుకని ఆ ఏడాదిని ఎవరూ అంకెల్లో చెప్పరు.

నీళ్ళాయనకు అసలు పేరు వేరే ఉంది. కానీ పదకొండేళ్ళుగా వంతెన పక్క ప్రయోగశాలలో నీళ్ళు మార్చేది ఆయనే కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. మాట పొదుపు మనిషి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు.

అక్కడి పని పాత నూలు గుడ్డలతో మొదలవుతుంది. గుడ్డల్ని ముక్కలు చేసి, ఉడికించి, తెల్లగా చేసి, గంధకామ్లంలో వేస్తారు. ముప్పావుగంట. ఎక్కువ సేపు ఉంచితే మాడిన పంచదార వాసన వస్తుంది. తొందరపడి తీస్తే గుడ్డ గుడ్డగానే ఉంటుంది. సరిగ్గా కుదిరితే, నూలులో మెత్తగా ఉన్నదాన్ని ఆమ్లం తినేసి, గట్టిగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఆ మిగిలినవే స్ఫటికాలు. వెంట్రుక మందంలో వేలకు వేలు పక్కపక్కన పడతాయి. కంటికి మాత్రం పల్చటి గంజిలా కనిపిస్తుంది. పనివాళ్ళంతా గంజి అనే అనేవారు. ఆ గంజిని రెసిన్ అనే గట్టిపడే జిగురులో కాస్త కలిపి అచ్చు పోస్తే, ఎక్కడైనా పగులు పుట్టినా అది పాకదు.

అయితే గంజిలో ఆమ్లం ఉండిపోకూడదు. పల్చటి పొర సంచుల్లో పోసి, సంచుల్ని శుద్ధమైన నీళ్ళలో వేలాడదీస్తారు. ఆమ్లం పొర దాటి బయటికి వస్తుంది. గంజి లోపలే ఉంటుంది. పూటపూటకీ నీళ్ళు మార్చాలి. మార్చినప్పుడల్లా ఒక పేపర్ ముక్క ముంచి చూడాలి. అది ఎర్రబడితే ఇంకా ఆమ్లం ఉన్నట్టు. ఎర్రబడకపోతే పని అయిపోయినట్టు. 'పేపర్ మారలేదు' అంటే ఆ గదిలో అదే శుభవార్త. మామూలుగా ఆరు రోజులు పడుతుంది.

ఆ విడత గంజి నీళ్ళాయన అక్క కోసం. తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్కే. ఆమెకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. పెట్టుకున్న ప్లాస్టిక్ కాలు నాలుగు నెలలకోసారి మడమ దగ్గర చిట్లేది. మూడో అంతస్తులో ఉంటుంది. ఒకసారి మెట్ల మీదే కాలు చిట్లి పడ్డాక, కిందికి దిగడం మానేసింది. ఏడాదిన్నర అయింది. కాళ్ళు చేసే మేస్త్రి ఈ గంజి కలిపిన రెసిన్‌తో మొదటి కాలు ఆమెకే పోస్తానన్నాడు. వారంలో వచ్చే నెలాఖరు లోపల గంజి అందకపోతే ఆమె వంతు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ నాలుగు నెలలు ఆగాలి.

సంచులు వేలాడదీసిన రెండో రోజు వీధిలోకి నీళ్ళొచ్చాయి. అందరూ లారీ ఎక్కారు.

"నీళ్ళాయనా, నీ చుట్టాలొచ్చారయ్యా, మాట్లాడుకో!" అన్నాడు లారీ డ్రైవరు.

"ఎక్కు బాబాయ్," అంది డాక్టరమ్మ. ఆ గంజి విద్య ఆమెదే. "సంచుల్ని తర్వాత చూద్దాం."

"మీరు పదండమ్మా. నేనుంటా."

ఇంటి దగ్గర ఆయన కోసం ఎదురుచూసేది తాళం ఒక్కటే. భార్య పోయి తొమ్మిదేళ్ళు. అందుకని ఎవరూ బలవంతం చేయలేదు.

కరెంటు పోయింది. శుద్ధజలం తీసే యంత్రం ఆగింది. ఫోన్ మూగబోయింది. మేడ మీద ఆయన, ఎనిమిది సంచులు, రెండు డ్రమ్ముల శుద్ధజలం మిగిలాయి. కింద మెట్ల మీద నీళ్ళు గుటకలు వేసే శబ్దం. రొట్టె ముక్క నమిలితే ఆ చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. ఒకసారి దగ్గి, ఆ దగ్గు ఎవరిదో అని వెనక్కి చూశాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి రెండు డ్రమ్ములూ ఖాళీ. పేపర్ ఇంకా ఎర్రగానే ఉంది. డాక్టరమ్మ ఎప్పుడూ చెప్పేది ఒకటే: పేపర్ మారినన్నాళ్ళూ నీళ్ళు మారుస్తూనే ఉండు బాబాయ్. అడుగుదామంటే ఫోన్ లేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు రాదు. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళున్నాయి, వరద నీళ్ళు కాదు, రోజూ తాగేవే. తేటగా ఉన్నాయి. వాటినే పట్టి సంచులు దింపాడు.

సాయంత్రం పేపర్ ముంచాడు. మారలేదు. ఇంకొకటి ముంచాడు. అదీ మారలేదు. ఆరు రోజుల పని మూడు రోజుల్లో అయింది. పదకొండేళ్ళలో మొదటిసారి గదిలో పైకి అనేశాడు: "అక్కా, అయిపోయిందే!" వినేవాళ్ళు లేరు.

నాలుగో రోజు ఉదయం ఫోన్ మోగింది.

"బాబాయ్! బాగున్నావా? తిన్నావా?"

"ఆ."

"పేపర్?"

"మారలేదమ్మా."

"అబ్బ, బతికించావు! మధ్యాహ్నం మేస్త్రి మనిషి పడవలో వస్తాడు, ఇచ్చి పంపెయ్."

ఫోన్ పెట్టేసి సంచి దింపుదామని చేత్తో పట్టుకున్నాడు. వంచాడు. గంజి జారలేదు. తోడుకున్న పెరుగులా ఒక పక్కనే నిలబడింది. ఇంకొకటి వంచాడు. అదీ అంతే.

గోడవారన రెండు నల్లటి గాజు పలకలున్నాయి. వాటి మధ్య గంజి పెట్టి వెలుతురుకు చూస్తే, మంచి గంజిలో నెమలి కంఠం రంగులు కదులుతాయి. కాస్త తీసి పెట్టాడు. రంగులు లేవు. తెల్లటి మబ్బు, అందులో నలకలు.

కుర్చీలో కూర్చున్నాడు. తను చెప్పింది అబద్ధం కాదు. పేపర్ నిజంగానే మారలేదు. ఎవరడిగినా ఆ మాటే చెప్పొచ్చు. గంజి వెళ్తుంది, కాలు తయారవుతుంది, అక్క మెట్లు దిగుతుంది. రెసిన్‌లో నలక ఉన్నచోటే పగులు మొదలవుతుందని ఆయనకు తెలుసు. ఎన్నో మెట్టు మీదో తెలియదు.

పదకొండేళ్ళలో ఆయన తనంతట తాను డాక్టరమ్మకు ఫోన్ చేసింది లేదు. గోడ మీద నంబరు చూసి నొక్కాడు.

"అమ్మా, గంజి పనికిరాదు."

"అదేంటి? పేపర్ మారలేదన్నావుగా?"

"మారలేదు. ట్యాంకు నీళ్ళు పోశాను."

 డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "అందులో సున్నం ఉంటుంది బాబాయ్. అది ఆమ్లాన్ని చంపేస్తుంది, అందుకే పేపర్ ఊరుకుంది. గంజిని కూడా గడ్డ కట్టిస్తుంది."

"శుద్ధజలం అయిపోయింది."

"అలాగే వదిలేసి కూర్చున్నా పాడయ్యేది కాదు. ఇప్పుడు ఆ గడ్డల్ని విడదీయొచ్చేమో గానీ, ఆవిడ కాలికి నేను వాడను."

"వద్దమ్మా."

"ఆవిడకి నేను చెప్పనా?"

"నేనే చెప్తా."

అక్కకు చేశాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. చంకకర్రలతో వచ్చి ఎత్తాలి మరి.

"ఎవరూ?"

"నేను."

"ఒరేయ్ మూగోడా! బతికే ఉన్నావా? టీవీలో మీ వంతెన చూపించారు. ఫోన్ చేస్తే ఎత్తవు!"

"లైను లేదు. అక్కా, నీ కాలు రాదు ఇప్పుడు. నేనే పాడుచేశా. నీళ్ళు తప్పు పోశా."

ఇంత పెద్ద మాట తమ్ముడి నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

"నీళ్ళ మీద బతికేవాడివి, నీళ్ళే తప్పు పోశావా!" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. "ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు."

"కిటికీలోంచి చూస్తాలే. కింద కూరల బండివాడు నన్ను బొమ్మనుకుంటున్నాడు, ఇంకో నాలుగు నెలలు అనుకోనీ." అంతలోనే, "నువ్వొక్కడివే ఉన్నావా అక్కడ?"

"ఆ."

"సరే. ఉంటాన్రా మరి," అని పెట్టేసింది.

మధ్యాహ్నం పడవ వచ్చింది. మేస్త్రి మనిషిని ఉత్త చేతులతో పంపాడు.

మర్నాడు పొద్దున్నే అటక మీద నుంచి గుడ్డల మూట దింపాడు. కుట్లు విప్పి, గుండీలు కోసి, ముక్కలు చేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి లేచి అక్కకు ఫోన్ చేశాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు."

"మరి?"

"గుడ్డలు కోస్తున్నా."

ఫోన్‌ను బల్ల మీద పక్కనే పెట్టి, మళ్ళీ కత్తెర అందుకున్నాడు. అవతల ఆమె పెట్టేయలేదు.