పెద్దవాళ్ళు ముందు

మా తరగతిలో ఆ ఒక్క అమ్మాయే మాకంటే ఏడాది పెద్దది. ఊపిరితిత్తిలో ఒక ముక్క కోసి తీసేశారు. ఏడాదంతా ఆసుపత్రి మంచం మీద ఉండి, మళ్ళీ మొదటినుంచి చదవడానికి మా మధ్య వచ్చి కూర్చుంది. "మీకంటే పెద్దది, అక్కా అని పిలవండి" అన్నారు టీచరు. ఆయన ఆ మాట అనేసి వెళ్ళిపోయారు. యేరిన్ ఆ మాటను పట్టుకుంది.

మా పొహాంగ్ ఊళ్ళోని ఆడపిల్లల హైస్కూల్లో యేరిన్ అంటే అందరికీ హడల్. దానితో కలిపి జట్టులో నలుగురు. నలుగురి పెదాలకూ ఒకటే రంగు, నలుగురిదీ ఒకటే ఇకిలింపు. వేరేవాళ్ళనైతే బండబూతులు తిట్టేవాళ్ళు. అక్కను మాత్రం మర్యాదతో చంపేవాళ్ళు.

"అక్కగారూ, తమరి చెప్పులు సర్దమంటారా?" అంటూ యేరిన్ తోక హ్యోజు వంగేది. లేస్తూ మడమతో ఆమె కాలివేళ్ళు నలిపేది.

అసలు నరకం భోజనం దగ్గర. ఇంట్లో తాతయ్య చెంచా ఎత్తేదాకా మేమెవరం ఎత్తం. ఆ పద్ధతినే యేరిన్ క్యాంటీన్‌కు తెచ్చింది. అక్క సూప్‌లో నేల తుడిచిన గుడ్డ పిండి, "తమరు కానివ్వండి అక్కగారూ, పెద్దవాళ్ళు ముందు" అనేది. అక్క మింగేదాకా బల్ల మొత్తం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కడుపు కాలుతుంటే మంచి మంచి పిల్లలే, "మింగెయ్యవే తల్లీ, గంట కొట్టేస్తారు!" అని ఆమెమీద విసుక్కునేవాళ్ళు. ఆకలి మా అందరినీ యేరిన్ జట్టులో కలిపేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"టీచరుకు చెప్పొచ్చు కదా?" అని ఒకసారి అక్కను అడిగాను.

"గొడవైతే మా అమ్మ బడి మాన్పించేస్తుంది దామీ. ఈ ఏడాది కూడా పోతే ఇక నాకు చదువు లేదు" అంది.

ఆ రోజు సూప్‌లోంచి బ్లీచింగ్ వాసన గుప్పుమంది. సగం ఊపిరితో బతుకుతున్న మనిషికి బ్లీచింగ్! అక్క చెంచా ముంచింది. నాకు తిక్కరేగింది. నా చెంచా ఎత్తి, ఆమెకంటే ముందే అన్నం నోట్లో కుక్కుకున్నాను. బల్ల బిగుసుకుపోయింది. ఎదుటి పిల్ల నన్ను చూసి తనూ ఒక ముద్ద పెట్టుకుంది. ఆ తర్వాత అందరూ ఎగబడి తిన్నారు. అక్క తన సూప్‌ను అవతలికి నెట్టేసింది.

"పెద్దవాళ్ళకంటే ముందు తింటావటే? మీ ఇంట్లో నేర్పలేదా?" అంది యేరిన్ తీయగా. "నేను నేర్పిస్తాలే."

సాయంత్రం తరగతులు తుడిచే వేళకు నన్ను జుట్టు పట్టుకుని చీపుళ్ళ గదిలోకి ఈడ్చారు. హ్యోజు తలుపు మూసింది. తుడుపుకర్రతో వీపుమీద బాదారు. బకెట్లోని మురికినీళ్ళలో నా తల ముంచి, ఊపిరాడక తన్నుకుంటుంటే పకపకా నవ్వారు. పైకి లాగగానే యేరిన్ మోకాలు నా మూతికి తగిలింది. పన్ను విరిగి నాలుకమీద పడింది.

"తప్పయిందని అక్కగారికి చెప్తావా, చెప్పవా?"

నోట్లోని రక్తం దాని మొహాన ఉమ్మాను. కర్ర మళ్ళీ లేచింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. మెట్లు ఎక్కిన ఆయాసంతో ఎగరోజుతూ అక్క నిలబడి ఉంది. నా పక్కనున్న ఇనప బకెట్ ఎత్తి, నీళ్ళతో సహా తిప్పి యేరిన్ మొహంమీద కొట్టింది. ముక్కు పటుక్కుమంది. హ్యోజు మీదికొస్తే బకెట్ అంచు దాని మోచేతిని విరిచింది. మిగతా ఇద్దరూ గోడకు అతుక్కుపోయారు.

"అక్కా! వద్దక్కా! చంపకక్కా!" యేరిన్ నేలమీద పాకుతూ ఏడ్చింది. 'గారు' ఎక్కడికి పోయిందో పోయింది.

అక్క దాని గుండెమీద మోకాలు ఆనించి, బకెట్ తలకంటే పైకెత్తింది.

"నా పేరేంటి?" అంది. "పేరు చెప్పు, వదిలేస్తా."

యేరిన్ హ్యోజువైపు చూసింది. హ్యోజు గోడవైపు చూసింది. వాళ్ళెవరికీ తెలియదు! పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవం. మా టీచరు హాజరు కూడా నంబర్లతోనే వేస్తారు. ఆమె చొక్కామీది పేరు పట్టీని మొదట్లోనే, చదవకుండానే పీకి పారేసింది యేరినే.

"అక్కా... అక్కా..." అంటోంది, ఇంకో మాట రాక.

అక్క చేతుల్లో నరాలు బిగుసుకున్నాయి. ముక్కు విరిచినందుకు నాలుగు రోజులు ఇంటికి పంపుతారు. తల పగిలితే అక్కకు చదువే కాదు, బతుకే పోతుంది. నేను డేక్కుంటూ వెళ్ళి, ఆనాడు నేను ఏరి దాచిన పట్టీమీది పేరు యేరిన్ చెవిలో చెప్పాను.

"సొల్బి" అంది యేరిన్, రక్తం మింగుతూ. "సొల్బి... సొల్బి..."

బకెట్ నేలమీద పడి దొర్లింది. సొల్బి నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎందుకు చెప్పావే?"

"చెప్పకపోతే చంపేసేదానివి."

"అవును" అంది సొల్బి.