నాలుగు ఎర్ర గుర్తుల మధ్య నేను

నేను ఒక చెక్క స్టూలును. గుండ్రటి పలక, కింద నాలుగు కాళ్లు, కాళ్లను కలుపుతూ అడ్డకర్రలు. కాళ్లుండీ పారిపోలేని జన్మ నాది. ఈ మాట ఊరికే అనడం లేదు. ఎన్నిసార్లు పారిపోవాలనుకున్నానో తెలిస్తే మీరు నా మీద కూర్చునే ముందు కాస్త ఆలోచిస్తారు.

నన్ను చేసిన వడ్రంగి ఐలయ్య. ఎవరింటికో తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలతో నన్ను చేశాడు. పని అయ్యాక తన కొట్టు ముందున్న అరుగు మీద నిలబెట్టి, నాలుగు వైపులా అరచేత్తో నొక్కి చూశాడు. "ఇంత కూడ కదుల్తలేదు" అని మురిసిపోయాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా కాళ్లలో హెచ్చుతగ్గులు లేవు. తరువాత జరిగినదానికి నా పుట్టుకను ఆడిపోసుకుంటే నేను ఒప్పుకోను.

మొదట నన్ను హనుమకొండలో ఒక ఫొటో స్టూడియోకు అమ్మారు. నీలం తెర ముందు నా కొలువు. పరీక్ష దరఖాస్తుకనీ, రేషన్ కార్డుకనీ మనుషులు వచ్చి కూర్చునేవారు. బయట గలగలా మాట్లాడినవాళ్లు కూడా నా మీద కూర్చోగానే బిగుసుకుపోయేవారు. "భయపడకున్రి" అని ఫొటోగ్రాఫర్ అనేవాడు. అప్పటిదాకా లేని భయం ఆ మాటతో మొదలయ్యేది. ఫొటోలో అదేం కనపడేది కాదు. నాకు మాత్రం తెలిసేది. మనిషి భయపడితే బరువంతా మడమల్లోంచి తొడల్లోకి వస్తుంది. అలా అందరి భయాన్నీ మోసీ మోసీ నేనూ పిరికిదాన్నయ్యాను.

సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక, అక్కడి సామానుతో పాటు నేనూ ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కు చేరాను. బల్బులు మార్చడానికి, అటక మీది ట్రంకుపెట్టెలు దించడానికి నన్ను వాడేవారు. పిల్లలు నా మీద నిలబడి నవ్వుకునేవారు. నా జీవితంలో భయం లేని రోజులంటే అవే.

హాస్టల్ అన్నాక గొడవలుంటాయి. ఒకరి బకెట్లో ఇంకొకరు బట్టలు నానబెట్టారని, ఫ్యాను ఎక్కువ పెట్టారని, తీగ మీది ఆరిన బట్టలు తీసి తడివి వేశారని. వార్డెన్ విమలా మేడంకు విసుగొచ్చింది. "మీ పంచాయితీలు మీరే తెంపుకోండి. కమిటీ పెట్టుకోండి. కమిటీ ఏం చెప్తే నాదీ అదే మాట" అనేసి చేతులు దులుపుకుంది. పిల్లలు చేతులెత్తి అయిదుగురిని ఎన్నుకున్నారు. పేరు క్రమశిక్షణ కమిటీ. అధ్యక్షురాలు ప్రసూన, డిగ్రీలో సీనియర్.

ప్రసూన చెడ్డపిల్ల కాదు. చెడ్డపిల్లే అయివుంటే నాకు ఇంత భయం ఉండేది కాదేమో. పంచాయితీ ఉన్న ఆదివారం ఆమె ఎవరితోనూ టీ కూడా తాగేది కాదు, ఒకరి వైపు మొగ్గినట్టు అవుతుందని. స్టడీ హాల్లో కమిటీ వాళ్లకు బల్ల, ఎదురుగా నింద పడిన పిల్లకు నేను. నా దూరం అందరికీ ఒకేలా ఉండాలని, నా నాలుగు కాళ్ల చోట బండ మీద నెయిల్ పాలిష్‌తో ఎర్రగా నాలుగు గుర్తులు పెట్టించింది. ప్రతిసారీ నన్ను సరిగ్గా ఆ గుర్తుల మీదే పెట్టేవారు. అంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు ముందు వైపు గుర్తుల్లో ఒకటి కుంగిన బండ మీద పడిందని మాత్రం చూసుకోలేదు.

దాంతో కూర్చున్న పిల్ల వెనక్కి వాలి ఉన్నంతసేపూ నేను కుదురుగా ఉండేదాన్ని. ముందుకు వంగిందా, కుంగిన వైపు కాలు దిగి 'టక్'మనేది.

మొదటి పంచాయితీ పక్కగదిలో సబ్బు తీసిన ఒక పిల్లది. తియ్యలేదని ముందుకు వంగి చెప్పింది. నేను టక్‌మన్నాను. ఆ పిల్ల బెదిరిపోయి ఏడుస్తూ ఒప్పేసుకుంది. "చూసిన్రా, అబద్ధం చెప్పంగనే స్టూలు కొట్టుకుంది" అన్నది కమిటీలో వినోద. తప్పు చేసినవాళ్లే వణుకుతారు, వణికితే స్టూలు కొట్టుకుంటుంది, ఇదీ లెక్క. సైన్సు చదివే పిల్లలు. మిగతా అందరూ తలలూపారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను సాక్షిని కావాలని ఎవరినీ అడగలేదు.

ఆ తరువాత ఏం జరిగేదో మీరే ఊహించుకోవచ్చు. నన్ను నమ్మండి అని ముందుకు వంగి బతిమాలినవాళ్లంతా దోషులయ్యారు. చేతులు కట్టుకుని వెనక్కి వాలి, ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టు కూర్చున్నవాళ్లంతా బయటపడ్డారు. శిక్షలు చిన్నవే, బాత్రూములు కడగడం, టీవీ గదిలోకి రాకపోవడం. అందుకే ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేదు.

కానీ నిరుడు ఒక పిల్ల ఉంగరం పోయింది. అనుమానం ఆమె గదిలోనే ఉండే రేణుక మీద పడింది. రేణుకది నెమ్మది స్వభావం. గొంతు చిన్నది, ఆ చిన్న గొంతు బల్ల దాకా వినపడాలని ప్రతి మాటకూ ముందుకు వంగేది. "నేను తియ్యలేదక్కా." టక్. "అమ్మతోడు, నేను తియ్యలేదక్కా." టక్. ఆగిపోవాలని నా నాలుగు కాళ్లూ బిగబట్టాను. చెక్కను, నా చేతిలో ఏముంది? హాల్లో పిల్లలంతా ఆమెను వదిలేసి నా కాళ్ల వైపే చూస్తున్నారు.

ఆమె తీసిందో లేదో నాకు తెలియదు. ఉంగరం ఇప్పటికీ దొరకలేదు. నాకు తెలిసిందల్లా నేను చెప్పానని వాళ్లనుకున్నది నేను చెప్పలేదని. కమిటీ ఆమెను హాస్టల్ నుంచి తీసెయ్యమన్నది. మర్నాడు రేణుక తన ట్రంకుపెట్టె తానే మోసుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ చదువుకోలేదట, జమ్మికుంట వైపు ఏదో బట్టల షాపులో చేరిందట. ఆ రోజు నుంచి నన్ను ఎత్తుకుని గుర్తుల వైపు తీసుకెళ్తుంటే చాలు, నాకు వణుకు పుట్టేది.

ఈ ఏడు ఎండాకాలంలో నీళ్ల మోటారు కాలిపోయింది. కింది ట్యాంకులో నీళ్లు అయిపోయినా రాత్రంతా ఉత్తగా తిరిగి కాలిందన్నారు. పిల్లలు వీధి చివరి బోరింగు నుంచి బకెట్లు మోసుకొచ్చి, చేతులు బొబ్బలెక్కి, ఎవరు దొరికితే వాళ్లను నమిలేసేంత కోపం మీదున్నారు. ఆ రాత్రి మోటారు బంద్ చేసే వంతు సమ్మక్కది. తాడ్వాయి అడవి లోపలి కోయగూడెం పిల్ల, ఈసం సమ్మక్క, మొదటి సంవత్సరం. ఆ చుట్టుపక్కల కాలేజీ లేదు. హాస్టల్ ఉంటేనే ఆమెకు చదువు. ట్రంకుపెట్టె కోసం నన్ను ఎక్కినప్పుడు ఒకసారి తన గదిలోని పిల్లతో అన్నది కూడా, "మా గూడెంల డిగ్రీ చదువుతున్నది నేనొక్కదాన్నే" అని. అది విన్న దగ్గరి నుంచి ఆ పిల్లంటే నాకు ఇష్టం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను ఎర్ర గుర్తుల మీద పెట్టారు. హాస్టలంతా హాల్లోనే, కిటికీల్లో కూడా పిల్లలే. కోపంగా ఉన్న అంతమంది మధ్యలోంచి సమ్మక్క నడిచి వచ్చి నా మీద కూర్చుంది. చెమటతో ఆమె చేతులు నా అంచుకు అతుక్కున్నాయి.

"పేరు చెప్పు" అన్నది ప్రసూన.

"ఈసం సమ్మక్క" అని వంగి చెప్పింది. నేను చిన్నగా టక్‌మన్నాను. అప్పటికి ఇంకా బెంచీల చప్పుడు, ఎవరూ పట్టించుకోలేదు.

"మోటర్ నువ్వు బంద్ చెయ్యలే. అవునా?"

"చేసినక్కా. స్విచ్ బంద్ చేసి, మోటర్ రూంకు గొళ్లెం పెట్టి పోయిన."

టక్.

ఈసారి హాలంతా విన్నది. "కొట్టుకుంది, కొట్టుకుంది" అని వెనక నుంచి ఎవరో. "నీళ్లు లేక సస్తున్నం, హాస్టల్ల నుంచి తీసెయ్యున్రి" అని ఇంకెవరో. మళ్లీ రేణుకే. మళ్లీ అదే ట్రంకుపెట్టె. విరిగిపోతే బాగుండుననుకున్నాను. ఐలయ్య గట్టిగా చేశాడు, విరగను.

"ఊకే ఎందుకు వణుకుతున్నవ్? తప్పు చెయ్యకపోతే మంచిగ కూసో" అన్నది ప్రసూన.

సమ్మక్క లేచి పక్కన నిలబడింది. భయంతో ఆమె పెదవులు ఆరిపోయాయి.

"నా పేరు చెప్తె కూడ కొట్టుకున్నదక్కా" అన్నది. "నా పేరు అబద్ధమా? ఒక్కసారి నువ్వు కూసో. నేను అడుగుత."

కమిటీ వాళ్లు ఎవరూ ఇంతవరకు నా మీద కూర్చోలేదు. దోషుల స్టూలు కదా, కూర్చుంటే అరిష్టమని పక్కకు తప్పుకుని నడిచేవారు. "ప్రెసిడెంట్‌ను కూసోమంటవా?" అని వినోద గద్దించింది. ప్రసూన మాత్రం బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. న్యాయం అందరికీ ఒకటే అని రోజూ చెప్పే పిల్ల, కాదనలేకపోయింది. వచ్చి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"నీ పేరేంది?"

"ప్రసూన." నేను కదల్లేదు.

"మీ ఊరు?"

"పరకాల." కదల్లేదు.

అబ్బా, అప్పుడు నాకు కలిగిన భయం ఇంకెప్పుడూ కలగలేదు. కదలకూడదని ఇన్నాళ్లూ మొక్కుకున్నదాన్ని, కదలాలని మొక్కుకున్నాను. నేను ఇలాగే కుదురుగా ఉంటే సమ్మక్క పని అయిపోయినట్టే. పిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వులకు సమ్మక్క గొంతు లోపలికి పోయింది. పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు.

"ఏంది? గట్టిగ చెప్పు" అంటూ ప్రసూన ముందుకు వంగింది.

టక్.

"మీ అమ్మ పేరేందక్కా?"

"కొమురమ్మ." టక్ టక్.

కొమురమ్మను ఎరగని పిల్ల ఆ హాస్టల్లో లేదు. గేటు దగ్గరికి టిఫిన్ డబ్బాతో వచ్చి, కనపడిన ప్రతి పిల్లకూ సర్వపిండి ముక్క చేతిలో పెట్టే మనిషి. నవ్వులు ఆగిపోయాయి. ప్రసూన నమ్మలేక మళ్లీ వెనక్కి వాలింది, ముందుకు వంగింది. టక్. వెనక్కి, ముందుకు. టక్. దిగి, మోకాళ్ల మీద కూర్చుని, నా కాలి కింద వేలు పెట్టి చూసింది. ఆ గుర్తు దగ్గర బండ మూల కుంగి ఉంది. వేలు దూరింది.

అప్పుడు కిటికీ దగ్గరి నుంచి ఒక పిల్ల ఏడుపు గొంతుతో అన్నది, "మోటర్ నేనే వేసినక్కా. సమ్మక్క బంద్ చేసి పోయినంక మళ్ల వేసిన, బట్టలు జాడిద్దామని. నిద్ర పట్టి మర్చిపోయిన. చెప్దామంటే ఆ స్టూలు మీద కూసోవాలె గదా అని భయమైంది."

ఎవరూ ఆ పిల్లను ఏమీ అనలేదు. సమ్మక్క గోడకు ఆనుకుని జారి కింద కూర్చుంది. ఇక హాస్టల్ పోదని ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు.

కమిటీ అయిదుగురూ మిగిలారు. ప్రసూన మళ్లీ నా మీదే కూలబడింది. నేను కొట్టుకోవడం లేదు, ఆమె వణుకుతోంది. నిజమైన వణుకుకు చప్పుడుండదని ఫొటో స్టూడియో నాటి నుంచీ నాకు తెలుసు. "రేణుక" అన్నది. అంతే అన్నది. వినోద తల దించుకుంది.

హాస్టల్లోనే ఉండే రేణుక బంధువుల పిల్ల దగ్గర నంబరు తీసుకున్నారు. అందరూ వినాలని ప్రసూన ఫోను స్పీకర్లో పెట్టింది. అక్కడ కూడా న్యాయమే. చాలాసేపు మోగింది.

"హలో, ఎవరు?" అదే చిన్న గొంతు. వెనక బజారు చప్పుడు.

"రేణుకా, నేను ప్రసూనను. హాస్టల్ నుంచి."

ఆ పిల్ల, ఎవరూ ఏమీ అడగకుండానే, గబగబా అన్నది.

"నేను తియ్యలేదక్కా. అమ్మతోడు, నేను తియ్యలేదక్కా."

ప్రసూన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. "తెలుసు రేణుకా, మాదే తప్పు" అని చెప్పబోయి, ఆ మాట బాగా వినపడాలని ఫోను మీదికి వంగింది.

నేను ఇంకా ఎర్ర గుర్తుల మీదే ఉన్నాను. టక్‌మన్నాను.

ఆ చప్పుడు ఫోన్లోంచి అటు కూడా పోయింది. రేణుక ఊపిరి ఒక్కసారి ఆగినట్టు వినపడింది, ఫోను కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే అసలు కలవనే లేదు.

మర్నాడు పొద్దున్నే ప్రసూన జమ్మికుంట బస్సెక్కిందని చెప్పుకున్నారు. రేణుక దొరికిందో లేదో, దొరికితే ఏమన్నదో నాకు ఎవరూ చెప్పలేదు. నెయిల్ పాలిష్ గుర్తుల్ని సమ్మక్క బ్లేడుతో గీకేసింది. నన్ను తీసుకొచ్చి మోటారు గదిలో పెట్టారు. కొత్త మోటారు పక్కన, చదునైన సిమెంటు నేల మీద, నా మీద ఒక బకెట్. ఇక్కడ నేను కదలను.

అయినా తలుపు గొళ్లెం చప్పుడైతే ఉలిక్కిపడతాను, రేణుక తిరిగొచ్చిందేమోనని. వస్తే ఆ పిల్ల నన్ను చూసి భయపడుతుందని భయం. రాకపోతే అంతకంటే భయం.