రెండు పుట్టినరోజులు

నవ్వే బుద్ధుణ్ని ఎవరికి వాళ్లు కొనుక్కుంటే కలిసిరాదట. ఎవరైనా ఇవ్వాలట. అందుకే కరీంనగర్‌లో మేమిద్దరం పెట్టబోయే స్టూడియోకి బుద్ధుణ్ని నన్ను తెమ్మంది నవత. లక్సెట్టిపేట నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దారి పొడుగునా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సంగతి ముందే తెలుసేమో.

ఆరో తరగతి నుంచి మేం ఒకే బెంచీ. పెళ్లి వీడియోలు తను, వెబ్‌సైట్లు నేను అనుకున్నాం. ఆ మాట మీదే హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చాను.

వెళ్లేసరికి షట్టర్ సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరి, బుద్ధుణ్ని బల్ల మీద పెట్టాను.

"కూసో మమతా. జర మాట్లాడాలె" అంది నవత.

"ఏందే, గంత సీరియస్?"

"నిన్న ఫెంగ్‌షుయ్ సార్ వచ్చిండు, చైనా వాస్తు చూసేటాయన. పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనిషికో నంబర్ ఉంటదట. నాది ఎనిమిది. గీ పడమటి తలుపు మస్తు కలిసొస్తదట. నీది నాలుగట. నీకు పడమర అస్సలు పడదట. ఇద్దరం ఒక్కదాంట్ల ఉంటే షాపు మునుగుతదన్నడు."

"అయితే కిటికీల నుంచి వస్తా తియ్యి."

నవత నవ్వలేదు. "మజాక్ కాదే. శ్రావణన్న నంబర్ కుదిరింది. నీ జాగల ఆయన నాతోని కలుస్తుండు."

శ్రావణ్ అంటే నవత వాళ్ల పెదబాపు కొడుకు.

ఫోన్ తీసి ఆ నంబర్ లెక్క వెతికాను. సంవత్సరంలో చివరి రెండంకెలు కూడాలి, ఆడవాళ్లకైతే ఐదు కలపాలి, ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోవాలి. ఐదు వస్తే ఎనిమిది కింద లెక్క. నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఇన్నాళ్లకు పనికొచ్చింది. నేను పుట్టిన 1999కి ఎనిమిది. అంటే నవతదీ నాదీ ఒకటే. నాలుగు వచ్చేది 1998కి.

1998లో నేను పుట్టనే లేదు. బడిలో చేర్చుకోవడానికి వయసు చాలడం లేదని మా ఊరి హెడ్మాస్టర్ రాయమల్లు సార్ ఏడాది పెంచి రాశాడు. అదే పదో తరగతి మెమోలోకి, ఆధార్‌లోకి ఎక్కింది. మా దిక్కు చాలామందికి రెండు పుట్టినరోజులు. ఒకటి అవ్వ చెప్పేది, ఇంకోటి సర్కారు నమ్మేది.

"ఫెంగ్‌షుయ్ సార్‌కు నా తారీఖు ఎవరు చెప్పిండ్రే?"

"నేనే. ఆధార్‌ల ఉన్నదే చెప్పిన."

నేను చైత్ర పౌర్ణమికి, చిన్న హనుమాన్ జయంతి నాడు పుట్టాను. ఏటా ఆ రోజు ఇద్దరం కొండగట్టు హనుమాన్ గుడికి పోతాం. గుడ్డు లేని కేకు కోసం ఊరంతా తిరిగేది నవతే.

"మొన్న జయంతికి కొండ కింద కేకు కోయించినవు గదా. దాని మీద ఎంత రాయించినవు?"

నవత బుద్ధుణ్ని బల్ల మీద కాస్త పక్కకు జరిపింది.

"ఇరవయ్యారు. ఆధార్ లెక్కనైతే ఇరవయ్యేడు గావాలె."

"యాదికి రాలేదే."

"తిథితో సహా యాదుంటది నీకు."

నవత గోడ వైపు చూసింది. "అన్న తాన డ్రోన్ ఉంది, రెండు కెమెరాలున్నయి. నీకు ముఖం మీద ఎట్ల చెప్పాల్నో తెల్వలే."

అంటే చైనావాళ్ల తప్పేం లేదు. పాపం, సార్ లెక్క కూడా సరైనదే. ఆయనకిచ్చిన సంవత్సరమే తప్పు.

బల్ల మీది బుద్ధుణ్ని తీసి సంచిలో పెట్టుకున్నాను. నవత కంగారుగా లేచింది.

"గా బుద్ధున్ని ఎందుకు పట్కపోతున్నవే? గదన్న నీ చేతులతోని ఇచ్చిపో."

షట్టర్ కింద వంగి, నాకు పడదన్న ఆ పడమటి తలుపులోంచే బయటకు వచ్చి అన్నాను.

"కొనుక్కో."