డయాన్ విడిచిన సాలు

మంజుశ్రీ చేత రాజీనామా రాయించడం నేత్ర తన సీటు నుంచి కళ్ళారా చూసింది. అద్దాల గది అది. లోపలి మాట బయటికి రాదు. లోపలి మనిషి మాత్రం బయటికి కనిపిస్తుంది. ఏడో నెల కడుపుతో కుర్చీ అంచున కూర్చున్న మంజుశ్రీ మూడుసార్లు తల అడ్డంగా ఊపింది. మేనేజరు కిశోర్ మూడుసార్లు కాగితాన్ని ముందుకు జరిపాడు. నాలుగోసారి తల ఊగలేదు. సంతకం పడింది.

వాచ్‌మన్ ఆంజనేయప్ప ఆమె టిఫిను డబ్బా పట్టుకొని గేటుదాకా నడిచాడు. "నాదేం తప్పు లేదు తల్లీ" అని గొణుగుతూనే ఆమె మెడలోని కార్డు తీసుకున్నాడు.

కర్ణాటకలోని చింతామణిలో, టమాటా మండీ దాటాక వచ్చే ఆ మూడంతస్తుల మేడలో మంజుశ్రీ పోగా ఇంకా ఎనభై మంది పని చేస్తారు. అమెరికా ఆసుపత్రుల కాగితాలు తెర మీదికి వస్తాయి. డాక్టరు గిలికిన రోగం పేరు చదివి, దానికి తగిన నంబరు వేసి పంపాలి. ఆ నంబరును బట్టే రోగికి ఇన్సూరెన్సు డబ్బు వస్తుంది. ఇప్పుడు ఆ పని కెన్యా దేశంలోని కిసుము అనే ఊరికి తరలిపోతోంది. అక్కడ ఇంకా చవకట. వెళ్ళేముందు ఇక్కడి ఒక్కొక్కరూ అక్కడి ఒక్కొక్కరికి తెర మీద పాఠం చెప్పాలి. పని అప్పజెప్పాలి. ఆపైన, ఇష్టపడి మానుకుంటున్నామని రాసివ్వాలి. పాఠం చెప్పనివాళ్ళకు రిలీవింగ్ లెటర్, అంటే పని సక్రమంగా వదిలినట్టు కంపెనీ ఇచ్చే కాగితం, రాదు. ఆ లెటర్ లేనివాళ్ళను బెంగళూరులో ఏ కంపెనీ గడప తొక్కనివ్వదు. మంజుశ్రీ చెప్పనన్నది. ఉద్యోగమూ పోయింది, లెటరూ పోయింది.

సాయంత్రం బస్టాండు ఎదుటి టీ అంగడి ముందు గుంపు చేరింది. టీమ్ లీడరు లోకేశ్‌ది మిట్టేమరి అనే పల్లె. గొంతు పెద్దది, భయం అంతకన్నా పెద్దది.

"ఆ కిసుమోళ్ళు మన నోటికాడి ముద్ద లాక్కుంటాండారప్పా!"

"లాక్కుంటాండారా, కిశోరు తీసకపోయి పెడతాండాడా?" అన్నాడు నందీశ్. నేత్ర పక్క సీటు అతనిది.

"ఎవురు పెట్టినా పొయ్యేది మన ముద్దే గదా! పాఠం చెప్పి లెటర్ తీసుకొని పోదాం. అంతకన్నా దారి యాడుండాది?"

"అయితే తప్పు పాఠం చెబుదాం. గుండెనొప్పికి గజ్జి నంబరు ఏపిద్దాం!" అన్నాడు నందీశ్.

గుంపంతా గొల్లుమంది. నేత్ర నవ్వలేదు.

"ఆ కాగితం యెనకాల ఒక రోగి ఉండాడు గదప్పా. వానికి మందుల దుడ్డు రాకపోతే?"

"ఓహో, ధర్మదేవత! అయితే నువ్వే చెప్పు మా, ఏం చేద్దాం?" అన్నాడు లోకేశ్.

లెటర్ నేత్రకూ కావాలి. బస్సు వచ్చింది. ఎక్కింది.

ఆదివారం నేత్ర ఊరు కెంచార్లహళ్ళిలో, ఒక పెద్దరైతు చేలో వేరుశనగ పీకుతున్నారు. అవ్వ అక్కయమ్మతో నేత్ర కూడా కూలికి పోయింది. కూలికొక సాలు, అంటే ఒక మొక్కల వరుస. ఖాళీగా కనిపించిన ఒక సాలులో దిగబోయింది. సగందాకా పీకి వదిలిన సాలు అది.

"ఆగు పాపా!" అవ్వ కేక వేసింది. "అడక్కుండా దిగేదుండాదా? ఎవురు ఇడిసిన సాలది?"

"ఎవురిదైతే ఏమవ్వా?"

"ఏమా? నీళ్ళకు పోయింటే మళ్ళా వస్తాది, దాని సాలు దానికుండాల. కూలి అడిగినందుకు రైతు ఎళ్ళగొట్టింటే ఆ సాల్లో ఇంకెవురూ దిగకూడదు. అడక్కుండా దిగితివా, నువ్వు వాని చేతిలో కొడవలైతావు."

నేత్ర గట్టు మీదే నిలబడిపోయింది.

మూడేళ్ళ కిందట ఆఫీసు పని వాళ్ళు నేర్చుకున్నది డయాన్ దగ్గర. ఒహాయో అనే చోట ఉండే నెరిసిన జుట్టు అమెరికా మనిషి. కంపెనీ చూపించిన నలభై వీడియోలలో ఆమే పంతులమ్మ. ఆఖరి వీడియోలో పాఠం మధ్యలో ఆగుతుంది. కళ్ళద్దాలు తీస్తుంది. కళ్ళు తుడుచుకుంటుంది. ఆ తరువాత, "వచ్చే పేజీ చూద్దాం" అంటుంది. పడిశం పట్టిందేమో అనుకున్నారు వీళ్ళు. అదొక వేళాకోళమైపోయింది. ఆఫీసులో ఎవరి కళ్ళు చెమ్మగిల్లినా "డయాన్ అయిపాయ!" అని నవ్వేవారు. ఆ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునే తీరు అచ్చం దించేది నేత్రే. ఎనభై మందీ పడీపడీ నవ్వేవారు.

ఆమె సాలు ఎవరు ఆపించారని ఎనభై మందిలో ఒక్కరూ అడగలేదు.

ఆ పొద్దే నేత్ర నందీశ్‌కు ఫోను చేసింది. నందీశ్ తక్కినవాళ్ళకు చేశాడు. లోకేశ్ మాత్రం, "నన్ను కలుపుకోవద్దండప్పా, నాకు ఇల్లుండాది, అప్పుండాది" అని పెట్టేశాడు.

సోమవారం. ఎనభై తెరల మీద ఎనభై కొత్త ముఖాలు. నేత్ర తెర మీద వంజీరు అనే అమ్మాయి, బిగుతైన జడలు, ముందు తెల్ల కాగితం, కొత్త పెన్ను. నేర్చుకోవాలనే ఆ తొందర నేత్రకు తెలిసిందే. మూడేళ్ళ కిందట తనదీ అదే ముఖం.

"పాఠానికి ముందు ఒక మాట," అన్నది నేత్ర ఇంగ్లీషులో. "ఈ సాలు ఎవరిదో చెప్పాలి. మొదట డయాన్‌ది. ఆమె చేత మాకు పాఠం చెప్పించి పంపేశారు. మేము అడగలేదు. ఇప్పుడు మాది. పాఠం చెప్పనన్నందుకు మంజుశ్రీని కడుపుతో ఉండగానే వెళ్ళగొట్టారు. ఆమెను తిరిగి తీసుకునేదాకా, మా కోసం సిద్ధం చేసిన రాజీనామా కాగితాలు చించేదాకా మేము పాఠం చెప్పం. మీ మీద మాకు కోపం లేదు. ఈ సాల్లో దిగేముందు, ఎవరిదని మీరు అడగాలి."

మంజుశ్రీ ఫోను నంబరు రాసిన కాగితాన్ని నేత్ర తెరకు చూపింది.

వంజీరు పెన్ను కింద పెట్టింది. "మా తరువాత ఎవరు?" అని అడిగింది.

కిశోర్ పరుగున వచ్చి తీగ పీకేశాడు. నేత్ర తెర నల్లబడింది. పక్కనే నందీశ్ అందుకున్నాడు: "మొదట డయాన్‌ది..." కిశోర్ ఆ తీగా పీకాడు. దాని పక్క సీటు అందుకుంది. దాని పక్కది. దాని పక్కది. ఒక వరుస తీగలు పీకేలోగా మూడు వరుసలు మాట్లాడుతున్నాయి. కిశోర్ మెయిన్ స్విచ్ దగ్గరికి ఉరికి కరెంటు తీసేశాడు. పని ఒక్క క్షణమైనా ఆగదని అమెరికా దొరలకు చూపించి మురిసిన బ్యాటరీలు ఉన్నాయి కదా, అవి టక్కున అందుకున్నాయి.

"లోకేశ్! నువ్వు చెప్పు వీళ్ళకు! టీమ్ లీడరువి కదయ్యా!"

లోకేశ్ లేచాడు. గదిలో అందరి కళ్ళూ అతని మీద. గొంతు సవరించుకున్నాడు. తన తెర వైపు తిరిగాడు.

"మొదట డయాన్‌ది" అన్నాడు.

పోలీసు వ్యాను వచ్చేసరికి ఎనభై మందీ నేల మీద కూర్చుని ఉన్నారు. పన్నెండు మందిని ఎక్కించారు. గేటు తీయమంటే ఆంజనేయప్ప తాళంచెవి కోసం చాలాసేపు వెతికాడు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది.

స్టేషనులో ఎస్సై కన్నడలో గద్దించాడు. "మొదలుపెట్టింది ఎవరు? పేరు చెప్పండి."

లోకేశ్ ముందుకు వచ్చాడు. "డయాన్, సార్."

"ఏ ఊరు?"

"ఒహాయో."

ఎస్సై రాసుకున్నాడు. "ఏ తాలూకా?"

బెంచీలు కదిలేలా నవ్వారు. నేత్రా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎవరూ వేళాకోళం చేయలేదు.

అంతలో కిటికీ అవతల మంజుశ్రీ కనిపించింది. వెనుక మిగిలిన అరవై ఎనిమిది మంది. వడివడిగా నడిచి వచ్చినట్టుంది, ఒక చెయ్యి నడుము మీద, ఒక చేతిలో ఫోను.

"నేత్రా! కిసుములో ఎవురూ కుర్చీల్లో కూకోలేదంట. బయటికొచ్చి నిలబడుకోనుండారంట." ఆయాసంతో ఆగింది. "గడియకొకసారి ఫోన్లో అడుగుతాండారు పాపా, మంజుశ్రీని మళ్ళా పనిలోకి తీసుకుండారా అని. ఏం చెప్పాల?"

"ఇంకా లేదని చెప్పు" అన్నది నేత్ర. "నిలబడుకోనే ఉండమను."